విద్యుత్ క్షేత్రం, ఆవేశాలు, వాహకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్థిర విద్యుత్ చదివేవాళ్లూ, చెప్పేవాళ్లూ పదే పదే ఆగిపోయే చోట్లు ఇవి. వీటిలో చాలా సందేహాలు ఒకే అపోహ నుంచి పుడతాయి: లోహం విద్యుత్ క్షేత్రాన్ని అడ్డుకుంటుందని. లోహం దేన్నీ అడ్డుకోదు. దానిలోని ఎలక్ట్రాన్లు జరిగి ఒక ఎదురు క్షేత్రాన్ని తయారు చేస్తాయి. బయటిదీ, ఇదీ కలిసి సున్నా అవుతాయి. ఈ తేడా పట్టుబడితే కింది జవాబుల్లో కొన్ని మీరే రాసుకోగలరు.

లెక్కల్లో గాలిని శూన్యంతో సమానంగా తీసుకున్నాం. కూలుమ్ స్థిరాంకం విలువ 9 × 10⁹, శూన్యపు పర్మిటివిటీ 8.85 × 10⁻¹², రెండూ ఎస్ఐ ప్రమాణాల్లో.

విద్యుత్ క్షేత్రానికీ విద్యుత్ బలానికీ తేడా ఏమిటి?

బలానికి రెండు ఆవేశాలు కావాలి, క్షేత్రానికి ఒకటి చాలు. ఒక బిందువు దగ్గర చిన్న ధనావేశాన్ని ఉంచి, దానిపై పనిచేసే బలాన్ని ఆ ఆవేశంతో భాగిస్తే వచ్చేది అక్కడి క్షేత్ర తీవ్రత. ప్రమాణం న్యూటన్/కూలుమ్, వోల్ట్/మీటరు అన్నా అదే.

1 నానోకూలుమ్ బిందు ఆవేశం నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 900 న్యూటన్/కూలుమ్. 20 సెంటీమీటర్ల దగ్గర 225, 30 దగ్గర 100. అక్కడ మీరు ఏ ఆవేశాన్నీ ఉంచకపోయినా ఈ విలువలు అలాగే ఉంటాయి. పరీక్ష ఆవేశం చిన్నదిగా ఉండాలని పుస్తకాలు ఎందుకు అంటాయంటే, పెద్ద ఆవేశాన్ని తెచ్చి పెడితే చుట్టుపక్కల వాహకాల మీద ఆవేశాలు జరిగిపోతాయి. అప్పుడు మీరు కొలిచేది అంతకుముందున్న క్షేత్రాన్ని కాదు.

రెండు ఆవేశాలుంటే క్షేత్రం సున్నా అయ్యే చోటు ఎప్పుడూ వాటి మధ్యనే ఉంటుందా?

ఉండదు. సజాతి ఆవేశాలైతేనే మధ్యలో ఉంటుంది. లెక్క మొదలుపెట్టే ముందు బాణాలు గీసి చూడండి, సూత్రం తర్వాత.

+4 నానోకూలుమ్, +1 నానోకూలుమ్ ఆవేశాలు 30 సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయనుకోండి. మధ్యలో రెండు క్షేత్రాలూ ఎదురెదురుగా ఉంటాయి. పెద్ద ఆవేశం నుంచి 20, చిన్నదాని నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర రెండూ సమానం, అక్కడ ఫలిత క్షేత్రం సున్నా.

ఇప్పుడు చిన్నదాన్ని −1 నానోకూలుమ్ చేయండి. మధ్యలో రెండు క్షేత్రాలూ ఒకే వైపు చూస్తాయి, కాబట్టి అక్కడ సున్నా కాలేవు. పెద్ద ఆవేశానికి అవతలి వైపు దిశలు ఎదురెదురే గానీ, అక్కడ పెద్దది ఎప్పుడూ దగ్గరగానే ఉంటుంది, దానికి చిన్నది సరితూగలేదు. మిగిలింది చిన్నదాని అవతలి వైపు. దాని నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే పెద్దదాని నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర, 4/3600, 1/900 సమానమవుతాయి. పరీక్షల్లో ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు: వర్గ సమీకరణానికి రెండు మూలాలు వస్తాయి, వాటిలో ఒకటి దిశలు ఎదురెదురుగా లేని చోటికి చెందినది. బాణాలు ముందే గీసినవాళ్లకు ఏ మూలం వదిలేయాలో తెలిసిపోతుంది.

దూరపు ఘాతం కచ్చితంగా 2 అని ఎలా తెలుసు?

కూలుమ్ 1785లో విమోటన త్రాసుతో (సన్నని తీగ మెలిపడే మేరనుబట్టి బలాన్ని చెప్పే పరికరం) బలాన్ని నేరుగా కొలిచాడు. కానీ ఇంతకంటే చాలా సున్నితమైన పద్ధతి వాహకాల దగ్గర దొరికింది. ఘాతం సరిగ్గా 2 అయితేనే ఆవేశమున్న గోళాకార కర్పరం (బోలు గోళం) లోపల క్షేత్రం పూర్తిగా సున్నా అవుతుంది. ఏమాత్రం తేడా ఉన్నా లోపల కొంత మిగులుతుంది. 1773లో కావెండిష్ ఒక గోళం చుట్టూ రెండు అర్ధగోళాలు మూసి, రెంటినీ తీగతో కలిపి, బయటిదానికి ఆవేశమిచ్చాడు. తర్వాత కలిపిన తీగ తీసి, అర్ధగోళాలు విప్పి చూస్తే లోపలి గోళం మీద ఆవేశం కనబడలేదు. దాన్నిబట్టి ఘాతం 2 నుంచి యాభయ్యో వంతుకు మించి తేడాపడదని తేల్చాడు. ఆ రాతల్ని 1879లో ప్రచురించినవాడు మాక్స్‌వెల్. అతను ప్రయోగాన్ని మెరుగుపరిచి ఆ తేడాను 21600వ వంతుకు దించాడు. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ ఇదే ఆలోచనతో 10⁻¹⁶ స్థాయి వరకు వెళ్లారు, తేడా ఏదీ కనబడలేదు. బలాన్ని కొలవడం కంటే సున్నాను వెతకడం ఎంత పదునైన పద్ధతో ఈ ప్రయోగాల వరుస చూపిస్తుంది.

బలరేఖల వెంటే ఆవేశం ప్రయాణిస్తుందా?

సాధారణంగా కాదు. బలరేఖ అంటే క్షేత్రం దిశను చూపేందుకు గీసే గీత. ఏ బిందువు దగ్గరైనా బలరేఖకు గీసిన స్పర్శరేఖ అక్కడి బలం దిశను, అంటే త్వరణం దిశను చెబుతుంది. వేగం దిశను చెప్పదు. రేఖ తిన్నగా ఉండి, ఆవేశం నిశ్చల స్థితి నుంచి బయలుదేరితేనే దాని వెంట పోతుంది. రేఖ వంపు తిరిగితే, వేగం పుంజుకున్న ఆవేశం ఆ వంపును వదిలి బయటికి జరుగుతుంది.

రెండు రేఖలు ఖండించుకోవు, ఒకే చోట బలానికి రెండు దిశలుండవు కాబట్టి. స్థిర విద్యుత్‌లో రేఖలు తమలో తాము చుట్టుకుని మూసుకోవడం కూడా ఉండదు. అలా ఉంటే ఆవేశాన్ని ఆ వలయంలో తిప్పినంతసేపూ ఊరికే శక్తి వస్తూ ఉండాలి.

క్షేత్రం సున్నా అయితే పొటెన్షియల్ కూడా సున్నానా?

రెంటికీ అలాంటి ముడి లేదు. క్షేత్రం చెప్పేది పొటెన్షియల్ (వోల్టుల్లో కొలిచే విద్యుత్ మట్టం) దూరంతో ఎంత వేగంగా మారుతోందో మాత్రమే. 300 కిలోవోల్టుల దగ్గరున్న లోహ గోళం లోపల పొటెన్షియల్ అంతటా 300 కిలోవోల్టులే, క్షేత్రం సున్నా. ఇక +1, −1 నానోకూలుమ్‌లను 10 సెంటీమీటర్ల ఎడంలో ఉంచితే సరిగ్గా మధ్యలో పొటెన్షియల్ సున్నా. క్షేత్రం మాత్రం ఒక్కోదాని వల్ల 3600 చొప్పున, మొత్తం 7200 న్యూటన్/కూలుమ్.

వాహకం లోపల క్షేత్రం ఎందుకు సున్నా?

క్షేత్రం ఉంటే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కదులుతాయి కాబట్టి. కదలిక ఆగిందంటే లోపల క్షేత్రం లేదనే అర్థం. ఒక రాగి రేకును 1000 వోల్ట్/మీటరు క్షేత్రంలో అడ్డంగా పెట్టారనుకోండి. ఎలక్ట్రాన్లు ఒక ముఖం వైపు జరుగుతాయి, రెండో ముఖం మీద వాటి కొరత ధనావేశంగా మిగులుతుంది. ఈ రెండు పొరలూ రేకు లోపల ఎదురు దిశలో క్షేత్రాన్ని కలిగిస్తాయి. అది సరిగ్గా 1000 అయ్యేదాకా ప్రవాహం సాగుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. రాగిలో ఈ సర్దుబాటుకు సెకనులో లక్ష కోట్లో వంతు కూడా పట్టదు.

దీనికి ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలి? తల ఆవేశ సాంద్రత, అంటే చదరపు మీటరు తలం మీది ఆవేశం, 8.85 × 10⁻⁹ కూలుమ్/మీటరు². అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 55 లక్షల ఎలక్ట్రాన్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఘన సెంటీమీటరు రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు 8.5 × 10²² ఉంటాయి. రేకు ఎంత పల్చనిదైనా ఎలక్ట్రాన్లు చాలకపోవడం జరగదు, అందుకే రద్దు సంపూర్ణంగా ఉంటుంది. ప్లాస్టిక్‌లో ఎలక్ట్రాన్లు పరమాణువులకు కట్టుబడి కొద్దిగా మాత్రమే జరుగుతాయి, కాబట్టి క్షేత్రం తగ్గుతుంది గానీ సున్నా కాదు.

బయటి ఆవేశాల క్షేత్రం రాగి లోపలికి వస్తూనే ఉందన్నది మరిచిపోకండి. ఫలితమే సున్నా.

గాసియన్ తలం లోపల ఆవేశం లేకపోతే దాని మీద క్షేత్రం సున్నా అనొచ్చా?

అనకూడదు. గాసియన్ తలం అంటే లెక్క కోసం ఊహించుకునే మూసిన తలం. దాని గుండా బయటికి పోయే క్షేత్రపు మొత్తం (అభివాహం) లోపలి ఆవేశాన్ని పర్మిటివిటీతో భాగించిన విలువకు సమానమన్నది గాస్ నియమం. కాబట్టి సున్నా అయ్యేది మొత్తం అభివాహం. ఏకరీతి క్షేత్రంలో ఒక ఊహా ఘనాన్ని పెడితే ఒక ముఖం గుండా లోపలికి వచ్చినంత ఎదుటి ముఖం గుండా బయటికి పోతుంది. మొత్తం సున్నా, క్షేత్రం మాత్రం ప్రతి బిందువు దగ్గరా ఉంది. గాస్ నియమంలోని క్షేత్రం లోపలి, బయటి ఆవేశాలన్నిటి వల్ల వచ్చేది. కుడివైపున రాసే ఆవేశం మాత్రమే లోపలిది. ఆ నియమంతో క్షేత్రాన్ని నేరుగా రాబట్టాలంటే గోళ, స్తూప, సమతల సౌష్ఠవాల్లో ఒకటి ఉండాలి. లేకపోతే నియమం నిజమే, కానీ లెక్కకు అక్కరకు రాదు.

ఆవేశమున్న పల్చని పొరకు సగం విలువ, వాహక తలానికి పూర్తి విలువ ఎందుకు?

ఒంటరి పొర నుంచి క్షేత్రం రెండు వైపులా పోతుంది, కాబట్టి ఒక్కో వైపు తల సాంద్రతను పర్మిటివిటీ రెట్టింపుతో భాగించిన విలువ. వాహకపు ఉపరితలం దగ్గర రేఖలన్నీ బయటికే పోతాయి, లోపల సున్నా. అందుకని బయట దానికి రెట్టింపు.

ఇందులో ఇంకొంచెం లోతుంది. వాహకపు ఉపరితలం మీద ఒక చిన్న ముక్కను తీసుకోండి. దాని సొంత క్షేత్రం బయటికి సగం, లోపలికి సగం. వాహకం మీద మిగతా చోట్ల ఉన్న ఆవేశాలు, బయట ఇంకేవైనా ఉంటే అవి కూడా, కలిసి ఆ చోట బయటి దిశలో మరో సగాన్ని కలిగిస్తాయి. లోపలి వైపు ఇవి రెండూ ఎదురెదురై రద్దవుతాయి, బయటి వైపు కలుస్తాయి. ఆ ముక్కపై బలం లెక్కించేటప్పుడు దాని సొంత క్షేత్రాన్ని వదిలేయాలి. కాబట్టి అక్కడ సగం విలువే వాడాలి. వాహకపు ఉపరితలం మీద పీడనం లెక్క రెండింతలు వచ్చిందంటే కారణం సాధారణంగా ఇదే.

ఉపరితలానికి క్షేత్రం లంబంగా ఎందుకుంటుందనే ప్రశ్నకు జవాబు చిన్నది: తలం వెంట ఏమాత్రం అంశం ఉన్నా ఎలక్ట్రాన్లు ఆ వెంట జరిగి దాన్ని చెరిపేస్తాయి.

ఒక లోహ గోళం మీద ఎంత ఆవేశం నింపొచ్చు?

చుట్టూ ఉన్న గాలి ఒప్పుకున్నంత. మామూలు పీడనం దగ్గర పొడి గాలి సుమారు 30 లక్షల వోల్ట్/మీటరు వరకు తట్టుకుంటుంది, ఆపైన అయనీకరణం చెంది వాహకంగా మారుతుంది. గోళపు ఉపరితలం దగ్గర క్షేత్రం అంటే పొటెన్షియల్‌ను వ్యాసార్ధంతో భాగించిన విలువ. కాబట్టి 10 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళం 300 కిలోవోల్టుల దాకా వెళ్లగలదు, దానిపై ఆవేశం 3.3 మైక్రోకూలుమ్‌లు. వ్యాసార్ధం 1 సెంటీమీటరైతే 30 కిలోవోల్టులు, 33 నానోకూలుమ్‌లు. ఎక్కువ వోల్టేజీని పుట్టించే వాన్ డి గ్రాఫ్ యంత్రం గుమ్మటం పెద్దదిగా, నున్నగా ఉండేది అందుకే.

ఆ గరిష్ఠ స్థితిలో కూడా తల సాంద్రత 26.6 మైక్రోకూలుమ్/మీటరు² మాత్రమే. లెక్కగడితే ఉపరితలంపై లక్ష పరమాణువులకు ఒక ఎలక్ట్రాన్ ఎక్కువో తక్కువో అయినట్టు. అంతమాత్రానికే గాలి చీలిపోతుంది!

మొనల దగ్గరే క్షేత్రం ఎందుకు ఎక్కువ?

10 సెంటీమీటర్లు, 1 సెంటీమీటరు వ్యాసార్ధాలున్న రెండు గోళాలను దూరంగా ఉంచి పొడవాటి సన్నని తీగతో కలపండి. పొటెన్షియల్ రెంటికీ ఒకటే కాబట్టి ఆవేశాలు 10:1 నిష్పత్తిలో పంచుకుంటాయి. ఉపరితల క్షేత్రాలు మాత్రం 1:10. చిన్నదాని మీద ఆవేశం తక్కువ, క్షేత్రం ఎక్కువ. మొనను చాలా చిన్న గోళంగా ఊహిస్తే విషయం అర్థమవుతుంది.

అయితే ఈ సూత్రాన్ని సూది దాకా సాగదీయకండి. 0.05 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న మొనకు ఇది 150 వోల్టులు చాలంటుంది. నిజానికి కరోనా (మొన చుట్టూ గాలి అయనీకరణం చెంది ఆవేశం కారిపోవడం) మొదలవడానికి కొన్ని వేల వోల్టులు కావాలి. ఉపరితలం దగ్గర క్షేత్రం ఎక్కువైనంత మాత్రాన సరిపోదు. ఎలక్ట్రాన్ ఢీకొట్టి మరిన్ని ఎలక్ట్రాన్లను విడిపించేందుకు కొంత దూరం వరకు ఆ తీవ్రత ఉండాలి. మొన దగ్గర అది చాలా త్వరగా పడిపోతుంది. లోపలికి వంగిన మూలల్లో పరిస్థితి తిరగబడుతుంది, అక్కడ క్షేత్రం బలహీనం.

వాహకంలో గుల్ల ఉంటే? గుల్లలో ఆవేశం ఉంటే?

గుల్ల ఖాళీగా ఉంటే లోపల క్షేత్రం సున్నా. బయట ఏం జరిగినా, గుల్ల ఏ ఆకారంలో ఉన్నా అంతే.

ఆవేశం ఉంటే జాగ్రత్తగా చూడాలి. లోపలి వ్యాసార్ధం 5, బయటి వ్యాసార్ధం 6 సెంటీమీటర్లున్న తటస్థ లోహ కర్పరం, లోపల కేంద్రానికి పక్కగా +2 నానోకూలుమ్ ఆవేశం. లోపలి గోడ మీద మొత్తం −2 నానోకూలుమ్ చేరుతుంది, ఆవేశానికి దగ్గరున్న వైపు దట్టంగా, దూరంగా ఉన్న వైపు పల్చగా. బయటి తలం మీద +2 నానోకూలుమ్ కనిపిస్తుంది, ఇది మాత్రం సమానంగా పరుచుకుంటుంది. ఎందుకంటే లోపలి ఆవేశం, లోపలి గోడ మీది ఆవేశం కలిసి లోహంలోనూ బయటా పూర్తిగా రద్దయిపోయాయి. బయటి తలానికి లోపలి సంగతి తెలిసే దారి లేదు. కేంద్రం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో క్షేత్రం 200 న్యూటన్/కూలుమ్. లోపలి ఆవేశాన్ని ఎటు జరిపినా ఈ విలువ మారదు.

అంటే కర్పరం తనంతట తాను లోపలి ఆవేశాన్ని బయటికి కనబడకుండా దాచలేదు. ఎర్త్ చేస్తే బయటి తలం మీది +2 నానోకూలుమ్ భూమికి పోతుంది, అప్పుడు బయట సున్నా. లోపలివాటిని కాపాడటానికి ఎర్త్ అక్కర్లేదు, బయటివాటిని కాపాడాలంటే కావాలి. 1843లో ఫారడే లోహపు బకెట్టులోకి ఆవేశమున్న గోళాన్ని దించి చూపించింది లోపలి ఆవేశం, బయటి తలం మీద కనిపించే ఆవేశాల ఈ సమానత్వాన్నే.

ఫోన్‌ను అల్యూమినియం రేకులో చుడితే సిగ్నల్ పోతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో పెడితే మోగుతుందేం?

ఇక్కడ ఉన్నది స్థిర క్షేత్రం కాదు, తరంగం. స్థిర క్షేత్రానికి జల్లెడ లాంటి జాలీ కూడా చాలు. తరంగానికి సందుల పొడవు ముఖ్యం. ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే 12 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పనిచేస్తుంది. తలుపు జాలీలోని ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు దానికి చాలా చిన్నవి. కానీ తలుపు అంచు వెంట పొడవాటి సందు ఉంటుంది. సందు ఎంత సన్నగా ఉన్నా పొడవుంటే తరంగం కారుతుంది. ఫోన్ రిసీవర్‌కు చాలా బలహీనమైన సంకేతం కూడా సరిపోతుంది. రేకు చుట్టేటప్పుడు కూడా అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి మడవాలి, ఊరికే ఆనిస్తే చాలదు. ఓవెన్‌లో ఫోన్ పెట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ స్విచ్ వేయకండి.

పరికరాలు పెద్దగా లేకుండా క్షేత్రాన్ని గీసి చూడటం ఎలా?

నీటి పళ్లెం పద్ధతి మంచిది. అడుగు చదునుగా ఉన్న ప్లాస్టిక్ లేదా గాజు పళ్లెం కింద గ్రాఫ్ కాగితం పెట్టండి. 5 మిల్లీమీటర్ల లోతు కుళాయి నీళ్లు పోయండి. 15 సెంటీమీటర్ల దూరంలో రెండు లోహపు కడ్డీలు నిలబెట్టి 6 వోల్టుల సరఫరా ఇవ్వండి. మల్టీమీటర్ నల్ల తీగను రుణ కడ్డీకి తగిలించి, ఎర్ర మొనను నీళ్లలో నిలువుగా ముంచి, 1 వోల్టు చూపే చోట్లన్నీ గుర్తించండి. తర్వాత 2, 3, 4, 5. ఆ చుక్కలు కలిపితే వచ్చేవి సమ పొటెన్షియల్ రేఖలు. వాటికి లంబంగా గీసేవి బలరేఖలు.

తర్వాత మధ్యలో ఒక లోహపు రింగు పెట్టండి. దాని లోపల ఎక్కడ ముంచినా మీటరు ఒకే విలువ చూపిస్తుంది. రింగు అంచుకు దగ్గరగా బలరేఖలు వంగి, దానికి లంబంగా తగులుతాయి.

తేడాలు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఏకముఖ విద్యుత్ ఎక్కువసేపు ఇస్తే కడ్డీల మీద బుడగలు చేరి రీడింగు మెల్లగా జారుతుంది. 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఏకాంతర విద్యుత్ తీసుకుని మీటరును ఏసీలో పెడితే ఈ బాధ ఉండదు. పళ్లెం ఒక పక్కకు వాలితే లోతు మారి రేఖలు వంకరపోతాయి. పళ్లెం గోడల దగ్గర బలరేఖలు గోడకు సమాంతరంగా పోతాయి, విద్యుత్ ప్రవాహం గోడ దాటలేదు కాబట్టి. అక్కడి చుక్కల్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంకొకటి: ఇది పొడవాటి కడ్డీల క్షేత్రం, బిందు ఆవేశాలది కాదు. ఒక్కో కడ్డీ క్షేత్రం దూరానికి విలోమంగా తగ్గుతుంది, దూరపు వర్గానికి కాదు.

ప్రేరణతో ఆవేశం ఇచ్చినా విద్యుద్దర్శిని ఆకులు ముడుచుకునే ఉన్నాయి. ఎందుకు?

విద్యుద్దర్శిని అంటే ఆవేశం ఉంటే పల్చని లోహపు ఆకులు విచ్చుకునే పరికరం. ప్రేరణ అంటే తాకించకుండా ఆవేశం కలిగించడం. తొంభై పాళ్లు వరుస తప్పి ఉంటుంది. రుణావేశమున్న కడ్డీని దగ్గరికి తేవాలి, తాకించకూడదు. వేలితో విద్యుద్దర్శిని పైనున్న లోహపు పళ్లేన్ని తాకాలి. ముందు వేలు తీయాలి, ఆ తర్వాతే కడ్డీని. కడ్డీని ముందు తీస్తే పోయిన ఎలక్ట్రాన్లు వేలి గుండా తిరిగి వచ్చేస్తాయి. వరుస సరిగా ఉన్నా ఆకులు మెల్లగా ముడుచుకుంటుంటే తేమ కారణం: బంధకం మీద కంటికి కనబడని నీటి పొర చేరి ఆవేశం కారిపోతోంది. వేడి గాలితో ఆరబెట్టి, చేత్తో తాకకుండా మళ్లీ చేయండి.

తటస్థంగా ఉన్న వస్తువును ఆవేశం ఎందుకు ఆకర్షిస్తుంది?

దగ్గరి వైపు విజాతి ఆవేశం, దూరపు వైపు సజాతి ఆవేశం చేరుతాయి. క్షేత్రం దగ్గర ఎక్కువ కాబట్టి ఆకర్షణ గెలుస్తుంది. ఎర్త్ చేసిన పెద్ద లోహపు పలక ముందు 1 సెంటీమీటరు దూరంలో 1 నానోకూలుమ్ ఉంటే, పలక వెనక అంతే దూరంలో −1 నానోకూలుమ్ ఉన్నట్టే లెక్కగట్టొచ్చు. ఎడం 2 సెంటీమీటర్లు, బలం 2.25 × 10⁻⁵ న్యూటన్‌లు. ఆ ప్రతిబింబ ఆవేశం పలక ముందువైపు లెక్కకే పనికొస్తుంది. పలక లోపల, వెనక క్షేత్రం సున్నాయే.

కెపాసిటర్‌లో రోధకం పెడితే క్షేత్రం తగ్గుతుందా?

రోధకం అంటే ప్లాస్టిక్ లాంటి, కరెంటును పారనివ్వని పదార్థం. జవాబు బ్యాటరీ తీసేశారా, ఉంచారా అన్నదాన్నిబట్టి. 1 మిల్లీమీటరు ఎడమున్న పలకలకు 9 వోల్టులిస్తే క్షేత్రం 9000 వోల్ట్/మీటరు. బ్యాటరీ తీసి, రోధక స్థిరాంకం 5 ఉన్న పలకను నిండుగా దూర్చితే 1800కి పడిపోతుంది. బ్యాటరీ ఉంచే దూర్చితే 9000 అలాగే ఉంటుంది, పలకల మీది ఆవేశం అయిదు రెట్లవుతుంది. బ్యాటరీ ఉండగానే రోధకానికి బదులు అర మిల్లీమీటరు లోహపు రేకు, పలకలకు తగలకుండా పెడితే మిగిలిన గాలి సందులో క్షేత్రం 18000 అవుతుంది. అదే 9 వోల్టులు సగం దూరంలో సర్దుకోవాలి కదా.

వాహకం లోపల క్షేత్రం సున్నా అయితే తీగలో కరెంటు ఎలా పారుతుంది?

సున్నా అనేది ఆవేశాలు నిలిచిపోయిన స్థితికి చెప్పిన మాట. బ్యాటరీ కలిపిన తీగలో అవి నిలవవు. బ్యాటరీ ఆ సర్దుబాటును పూర్తి కానివ్వదు, కాబట్టి తీగ వెంట క్షేత్రం ఉంటుంది. అయితే ఎంత? ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యమున్న రాగి తీగలో 1 ఆంపియర్ పారుతుంటే 0.017 వోల్ట్/మీటరు. ఇందాకటి రాగి రేకు బయట పెట్టిన 1000తో పోల్చి చూడండి. రాగి ఎంత మంచి వాహకమంటే, ఈ కొద్దిపాటి క్షేత్రమే అంత ప్రవాహాన్ని నడిపిస్తుంది.